తరుగు

రాత్రి రెండు గంటలకు
కుడికాలి బొటనవేలు నన్ను లేపింది.
తేలేమోనని లైటు వేసినా.
తేలు లేదు. వేలే
గానుగ కాడ పెనంలో పాకం మాదిరి
కుతకుత ఉడుకుతాంది.
దుప్పటి అంచు తగిలితే అరిచినా,
ఫ్యాను గాలి తగిలినా అరిచినా.
పక్కింటోళ్లు లేస్తారని దేశమ్మ
నా నోటికి టవలు అడ్డం పెట్టింది.

ముప్పై ఒక్కేండ్లుగా
చిత్తూరు బెల్లం మండీలో కాటా నాది.
దిమ్మ గిల్లి నోట్లో వేసుకుంటేనే రేటు పలుకుతా.
ఐరాల బెల్లం, పెనుమూరు బెల్లం,
పూతలపట్టు నల్లబెల్లం,
కండ్లు మూసుకోని ఊరు చెప్తా.
పొద్దు గూకేసరికి ఎన్ని గిల్లుళ్లో
ఏ చిట్టాకూ ఎక్కలేదు.
కొట్టు మూసినంక హమాలీ చెంగల్రాయుడితో
బోటీ వేపుడు, రెండు బీర్లు.
ఆదివారం తలకాయ కూర, మూడు ముద్దల సంగటి.
మా తాత నాలుగు తినేవాడు కదా అంటా.
తాత మడక దున్నినాడు.
నేను స్టూలు మీద కూచోని ముల్లు చూసినా.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ హసీనా
చీటీ చూసి, వేలు చూసి, పొట్ట చూసి
"యూరిక్ యాసిడ్" అనింది.
నెత్తుట్లో కరిగి పోవాల్సింది పోక
కీలులో సూదులై పేరుకుంటాందంట.
పేరుకోవడం నాకు కొత్తా?
దించిన పాకం ఎప్పుడు పలుకు కట్టేదీ
ఆ తల్లికన్నా నాకే బాగా తెలుసు.
బీపీ నూటా అరవై.
చక్కెర గడప కాడ నిలబడుండాది.
"ఇవన్నీ ఒకింటి పిల్లోళ్లు,
ఒకడు చేరితే మిగతావాళ్లను
చెయ్యి పట్టి పిల్చకొస్తాడు.
తప్పంతా తిండిదే కాదులే,
నెత్తురుకీ వాటా ఉంటాది. మీ నాయనకుండెనా?"
ఉండె.
వాతం అనిరి. వావిలాకు కట్టిరి.
కడకు ఆయన చెప్పుల జత
ఒక చెప్పే అరిగింది.

"తొంభై ఆరు కిలోలుండావు. పది తరుగు."

తరుగు!
నవ్వొచ్చింది, నవ్వితే వేలు గుంజింది.
మూటకు కిలో తరుగు కొట్టే చెయ్యి నాది.
గోతానికింత, తేమకింత,
ఏమీ దొరక్కపోతే ఆనవాయితీకింత.
రైతు నోరు తెరిచేలోపు రాసేసే చెయ్యి.

పంతం పట్టి
మూడు దినాలు వట్టి నీళ్లు తాగి పడుకున్నా.
నాలుగో రాత్రి ఎడమకాలు అందుకుంది.
డాక్టరమ్మ తలకాయ కొట్టుకునింది:
"పస్తుంటే ఇంకా ఎగుస్తాది సామీ!
ఒక్కపాలి కొట్టేసేదానికి
నీ ఒళ్లేమన్నా రైతు మూటా?"
మండీ సంగతి ఆమెకెవరు చెప్పిరో.

ఇప్పుడు బెల్లం వాసన చూసి రేటు చెప్తాండా.
ఒకసారి తప్పినా, సేటు గొణిగినాడు.
పొద్దున్నే నీవా వంతెన దాకా నడక,
కుంటుతా పోయి, తక్కువ కుంటుతా వస్తా.
ఒక ముద్ద సంగటి, ఆకుకూర, మజ్జిగ, మాత్ర.
"నీ బీరు కూడా నేనే తాగి పెడ్తాలే అన్నా"
అంటాడు చెంగల్రాయుడు,
వాడి పొట్ట మీద చొక్కా గుండీ
ఊడేదానికి సిద్ధంగా ఉండాది.

నిన్న అందరూ పోయినంక
మండీ కాటా ఎక్కినా.
రేకుల కింద ఈగలు తప్ప ఎవరూ లేరు.
ముల్లు ఊగి ఊగి నిలబడింది.
తొంభై రెండున్నర.
చిట్టా తెరిచినా, అలవాటు కొద్దీ చెయ్యి
చొక్కాకింత, చెప్పులకింత,
తిన్న సంగటికింతని
కొట్టేయబోయింది.

పట్టుకున్నా ఆ చేతిని
రెండో చేత్తో.
తొంభై రెండున్నర అనే రాసినా,
పక్కన, ముప్పై ఒక్కేండ్లలో
మొదటిసారి వణుకుతా:
నికరం.